నాలుగు మడుల కోత, ఊరంతటి పంట

ఒక గ్రామంలో ఈ ఖరీఫ్‌లో వరి దిగుబడి హెక్టారుకు సగటున 5,200 కిలోలు వచ్చిందని ప్రకటన వెలువడితే, దానిని విన్న రైతు మూడు సంగతులు అడగాలి. ఎన్ని మడులు కోసి చూశారు, ఆ మడులను ఎలా ఎంచుకున్నారు, ఒక మడికీ మరో మడికీ తేడా ఎంత వచ్చింది. ఈ మూడూ తెలియనంతవరకు 5,200 అనే అంకె నిజానికి దగ్గరగా ఉందో దూరంగా ఉందో చెప్పడానికి ఆధారమే ఉండదు. శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులకు సాంఖ్యక శాస్త్రం చెబుతున్న నేను ఎప్పుడూ గమనించే విషయం ఒకటుంది. నరసన్నపేట, ఆమదాలవలస, టెక్కలి పరిసరాల పల్లెల నుంచి వచ్చే పిల్లలు సూత్రంలో విలువలు వేసి, సగటు చుట్టూ విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనాన్ని రెండు దశాంశ స్థానాల వరకు తప్పు లేకుండా కట్టేస్తారు. ఆ వచ్చిన సంఖ్య తమ ఊరి చేను గురించి ఏమి చెబుతున్నదని అడిగితే మాత్రం మాట్లాడరు. ఇందులో వాళ్ల లోపమేమీ లేదు. వాళ్ల చేతికి మనం ఇచ్చే లెక్కల్లో ఊరూ ఉండదు, పొలమూ ఉండదు. అందుచేత ఈ శాస్త్రంలోని మొదటి పాఠాలను మన జిల్లాల లెక్కల మీదుగానే ఇక్కడ వివరించాలనుకుంటున్నాను.

చేతిలో ఉన్న సమాచారాన్ని ఉన్నదున్నట్టుగా కుదించి చెప్పడం వర్ణనాత్మక సాంఖ్యకం చేసే పని. చేతిలో ఉన్న కొద్దిపాటి సమాచారంతో, మనం చూడని పెద్ద సమూహం గురించి ఎంతవరకు చెప్పవచ్చో నిర్ణయించడం అనుమితి సాంఖ్యకం చేసే పని. మొదటిది అందరికీ తెలిసినట్టే ఉంటుంది గనుక దానిని త్వరగా దాటిపోవాలనిపిస్తుంది కానీ, అక్కడ జరిగే పొరపాట్లే రెండోదానిలోకి ప్రవహిస్తాయి.

ఒక చిన్న పేటలో 9 కుటుంబాలు ఉన్నాయనీ, వాటి భూమి వరుసగా 1, 1, 1.5, 2, 2, 2.5, 3, 3, 20 ఎకరాలనీ అనుకుందాం. మొత్తం 36 ఎకరాలు, సగటు 4 ఎకరాలు. ఈ సగటును కాగితం మీద రాస్తే అది 4 ఎకరాల రైతులున్న పేటలాగా కనిపిస్తుంది. నిజానికి 9 కుటుంబాలలో 8 కుటుంబాలకు అంతకంటే తక్కువ భూమి ఉంది, 4 ఎకరాలున్న కుటుంబం ఒక్కటీ లేదు. చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసలో పెట్టి నడిమి విలువను తీసుకుంటే వచ్చే మధ్యగతం 2 ఎకరాలు, ఆ పేట మనుషులకు ఎక్కువ దగ్గరగా ఉంటుంది. ఆ 20 ఎకరాల ఆసామి రేపు మరో 20 ఎకరాలు కొన్నా మధ్యగతం కదలదు, సగటు మాత్రం 6 దాటుతుంది. ఆదాయాలూ భూములూ ఇళ్ల ధరలూ చెప్పేటప్పుడు మధ్యగతాన్నే ముందు చెప్పాలన్నది నా గట్టి అభిప్రాయం. ఎక్కువసార్లు కనిపించే విలువను చెప్పే బాహుళకం చెప్పుల సైజుకో, చీరల రంగుకో పనికొస్తుంది గానీ ఇక్కడ దానితో అంత అవసరం లేదు.

సగటులను మళ్లీ సగటు చేసేటప్పుడు జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లాలో పురుషుల అక్షరాస్యత 71.61 శాతం, స్త్రీల అక్షరాస్యత 52.08 శాతం. ఈ రెండింటినీ కూడి సగం చేస్తే దాదాపు 61.85 వస్తుంది, కానీ జిల్లా మొత్తం అక్షరాస్యత 61.74 శాతంగా నమోదైంది. తేడా చిన్నదే అయినా దానికి ఒక కారణం ఉంది. ఆ లెక్కల నాటికి జిల్లాలో ప్రతి 1,000 మంది పురుషులకు 1,015 మంది స్త్రీలు ఉన్నారు గనుక, మొత్తం శాతం స్త్రీల వైపుకు కొద్దిగా ఒరిగింది. 1,000కి 1,019 మంది స్త్రీలున్న విజయనగరం జిల్లాలోనూ ఇదే వరుస. ప్రతి వర్గానికీ దాని జన సంఖ్యను బట్టి బరువు ఇచ్చి కట్టే భారిత సగటు అవసరం ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆ 61.74 అనే ఒక్క అంకె వెనుక స్త్రీ పురుషుల మధ్య 19 శాతం పాయింట్లకు పైగా అంతరం దాగి ఉందన్నది ఇంతకంటే పెద్ద సంగతి.

ఇక విలువల చెదురుదలను చెప్పే విస్తరణ కొలతల దగ్గరకు వస్తే, అసలు శాస్త్రం ఇక్కడ మొదలవుతుందని నేను నమ్ముతాను. గొట్టా బ్యారేజీ నుంచి వచ్చే వంశధార ఎడమ కాలువ కింద రెండు ఊళ్లు ఊహించుకోండి. మొదటి ఊరు కాలువ మొదట్లో ఉంది, అక్కడ ఐదు మడులలో ఎకరాకు 19, 20, 21, 20, 20 బస్తాలు పండాయి. రెండో ఊరి భూములు కాలువ గట్టు నుంచి శివారు దాకా పరచుకొని ఉన్నాయి, అక్కడ 32, 29, 24, 10, 5 బస్తాలు పండాయి. రెండు ఊళ్లకూ సగటు 20 బస్తాలే. ప్రతి మడి సగటుకు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాలను వర్గం చేసి, వాటి సగటు కట్టి, దానికి వర్గమూలం తీస్తే వచ్చేదే ప్రామాణిక విచలనం. అది మొదటి ఊరికి 0.63 బస్తాలు, రెండో ఊరికి 10.6 బస్తాలు. మొదటి ఊరిలో ఏ రైతును అడిగినా దాదాపు ఒకే మాట చెబుతాడు. రెండో ఊరిలో 20 బస్తాలు పండిందంటే శివారు రైతు తన ఊరి సంగతి కాదనుకుంటాడు. దూరాలను వర్గం చేయడం ఎందుకని విద్యార్థులు అడుగుతుంటారు. వర్గం చేయకుండా కూడితే ఎక్కువలూ తక్కువలూ ఒకదానినొకటి కొట్టేసుకొని ఎప్పుడూ సున్నాయే మిగులుతుంది గనుక ఏదో ఒక విధంగా గుర్తులను తొలగించాలి. వర్గం చేస్తే దూరంగా పడిన విలువలకు ఎక్కువ బరువు దక్కుతుంది, ఆ తర్వాత జరిపే గణితం కూడా సాఫీగా సాగుతుంది.

ఇంతవరకు చెప్పినదంతా కోసి తూచిన మడుల గురించే. కోయని మడుల మాటేమిటి? ఒక రైతు నన్ను సూటిగానే అడిగాడు: “మా చేను కొయ్యకుండా మా పంటెంతో ఎలాగ చెప్తారు మాస్టారూ?” అనుమితి సాంఖ్యకం మొత్తం ఆ ప్రశ్నకు సమాధానమే. ఊరిలోని వరి పొలమంతా కలిపితే దానిని సమష్టి అంటాం. అందులో నుంచి కోసి చూసే కొద్ది భాగం నమూనా. నమూనా ఎంత పెద్దదన్న దానికంటే దానిని ఎలా తీశారన్నది ముందు చూడాలి.

వ్యవసాయ శాఖ చేసే పంట కోత ప్రయోగాన్ని దగ్గరగా చూసిన వారికి ఈ సంగతి బాగా అర్థమవుతుంది. ముందుగా ఆ పంట వేసిన సర్వే నంబర్ల జాబితా నుంచి, లాటరీలా వచ్చే యాదృచ్ఛిక సంఖ్యల సహాయంతో పొలాన్ని ఎంచుతారు. ఆ పొలంలో ఒక మూల నిలబడి పొడవూ వెడల్పూ కొలిచి, మళ్లీ యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారం పొడవు వెంట ఇంత, వెడల్పు వెంట ఇంత అని నడిచి, చేరిన చోట మేకు పాతుతారు. ఆ మేకు నుంచి 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల చతురస్రాన్ని తాడుతో గీస్తారు. నాలుగు భుజాలూ 5 మీటర్లు ఉన్నంత మాత్రాన అది చతురస్రం కానక్కరలేదు గనుక కర్ణాన్ని కూడా కొలవాలి, అది 7.07 మీటర్లు ఉంటేనే మూలలు సరిగ్గా కుదిరినట్టు. ఆ తాడు లోపల మొదలు ఉన్న దుబ్బులను మాత్రమే కోసి, నూర్చి, తూర్పారబట్టి, ధాన్యం తూచి, తడి తగ్గాక మిగిలే బరువును లెక్కలోకి తీసుకుంటారు. ఇంత తతంగం దేనికంటే, మనిషి కంటికి వదిలేస్తే అది ఎప్పుడూ ఏదో ఒక వైపుకు లాగుతుంది. ఒకరు రోడ్డు పక్క మడిని ఎంచుకుంటారు, ఒకరు నిండుగా ఉన్న మడిని, నష్టపరిహారం కోరేవారు ఎండిన మడిని. యాదృచ్ఛికత ఆ ఎంపికను అందరి చేతుల్లోంచీ తీసేస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఏ మడికి ఎంత అవకాశం ఉందో మనకు ముందే తెలుస్తుంది గనుక, అంచనాలో రాగల దోషాన్ని లెక్కగట్టడం సాధ్యమవుతుంది. ఇష్టం వచ్చినట్టు ఏరిన నమూనాకు ఏ సూత్రంతోనూ దోషం కట్టలేం.

ఆ చతురస్రం వైశాల్యం 25 చదరపు మీటర్లు. హెక్టారులో అలాంటివి 400 పడతాయి. తూకంలో ఒక కిలో తేడా వస్తే హెక్టారుకు 400 కిలోల తేడా వస్తుంది. తాడు అంచున ఉన్న దుబ్బులను లోపలికి కలుపుకొనే అలవాటు ఎంత ప్రమాదకరమో దీనిని బట్టి ఊహించవచ్చు. మన దేశంలో ఈ విషయం మీద 1940లలో పెద్ద చర్చే జరిగింది. 1931లో కలకత్తాలో భారతీయ సాంఖ్యక సంస్థను స్థాపించిన మహలనోబిస్ జనపనార (జూట్) పంట సర్వేలలో చిన్న చిన్న కోతలను వాడారు, వ్యవసాయ సాంఖ్యకవేత్త పి.వి. సుఖాత్మే చిన్న మడులు దిగుబడిని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపుతాయని నిరూపించారు. మడి చిన్నదయ్యేకొద్దీ దాని వైశాల్యంతో పోలిస్తే అంచు పొడవు పెరుగుతుంది, అంచు దుబ్బులను లోపలికి చేర్చుకొనే చేతివాటమూ దానితో పాటు పెరుగుతుంది. ఒకే వైపుకు మొగ్గే ఇలాంటి దోషాన్ని అభినతి అంటారు. నమూనాలను పెంచినంత మాత్రాన ఇది తగ్గదు. వెయ్యి మడులు కోసినా ప్రతి మడిలోనూ అంచు దుబ్బులు కలుపుకుంటే వెయ్యి రెట్లు నమ్మకంగా తప్పు చెప్పినట్టే అవుతుంది.

అభినతి లేదనుకుంటే మిగిలేది అదృష్టం వల్ల వచ్చే హెచ్చుతగ్గులు. వీటిని మాత్రం లెక్కలో పట్టుకోవచ్చు. ఒక గ్రామంలో నాలుగు కోతలు జరిగి 11, 14, 12, 15 కిలోల ధాన్యం వచ్చిందనుకుందాం. సగటు 13 కిలోలు, హెక్టారుకు 5,200 కిలోలు; మొదట చెప్పిన అంకె ఇదే. సగటు నుంచి దూరాల వర్గాల మొత్తం 10. దీనిని 4తో కాక 3తో భాగించాలి. ఎందుకంటే అసలు ఊరి సగటు మనకు తెలియక, ఈ నాలుగు మడుల సగటు నుంచే దూరాలు కొలిచాం, ఆ దూరాలు సహజంగానే కొంత చిన్నవిగా పడతాయి. అప్పుడు ప్రామాణిక విచలనం 1.83 కిలోలు. దీనిని మడుల సంఖ్య వర్గమూలంతో, అంటే 2తో భాగిస్తే 0.91 వస్తుంది, ఇదే ప్రామాణిక దోషం. ఈ రెండింటినీ కలగాపులగం చేసే విద్యార్థులు ఎక్కువ. ప్రామాణిక విచలనం మడికీ మడికీ మధ్య తేడాను చెబుతుంది. మళ్లీ వేరే నాలుగు మడులు ఎంచి కోస్తే వచ్చే సగటు ఊరి అసలు సగటుకు ఎంత అటూ ఇటుగా ఉండవచ్చో ప్రామాణిక దోషం చెబుతుంది.

పెద్ద నమూనా అయితే సగటుకు అటూ ఇటూ 1.96 ప్రామాణిక దోషాల మేర హద్దులు గీసి 95 శాతం విశ్వాస అంతరం అనవచ్చు. నాలుగు మడులతో అలా చేయడం కుదరదని, ప్రామాణిక విచలనమే నాలుగు మడుల నుంచి అంచనా కట్టినప్పుడు ఆ అనిశ్చితిని కూడా కలుపుకోవాలని 1908లో చూపినవాడు డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో పనిచేసిన విలియం గాసెట్. స్టూడెంట్ అనే కలం పేరుతో ఆయన ప్రచురించిన ఆ పద్ధతి ప్రకారం నాలుగు మడులకు 1.96 బదులు 3.18తో హెచ్చించాలి. అప్పుడు హద్దు 2.9 కిలోలు అవుతుంది, అంతరం 10.1 నుంచి 15.9 కిలోల వరకు సాగుతుంది, హెక్టారుకు చెబితే దాదాపు 4,040 నుంచి 6,360 కిలోల వరకు. 5,200 అని ఒక్క మాటలో చెప్పినదానికీ దీనికీ ఎంత దూరమో చూడండి. ఇదే విచలనంతో 16 మడులు కోసి ఉంటే హద్దు ఒక కిలోలోపే ఉండేది. ప్రామాణిక దోషం నమూనా సంఖ్య వర్గమూలం ప్రకారమే తగ్గుతుంది గనుక దానిని సగం చేయాలంటే నాలుగు రెట్ల కోతలు కావాలి; ఖర్చూ మనుషులూ లేక అధికారులు కొద్ది కోతలతోనే ఎందుకు సరిపెట్టుకుంటారో కూడా ఇందులోనే తెలుస్తుంది. 95 శాతం అన్న మాటకు అర్థాన్ని కూడా జాగ్రత్తగా పట్టుకోవాలి. ఈ పద్ధతిలో మళ్లీ మళ్లీ నమూనాలు తీసి అంతరాలు కడుతూ పోతే, వాటిలో నూటికి 95 అంతరాల లోపల అసలు సగటు పడుతుందని దాని భావం. ఆ భరోసా పద్ధతికి చెందుతుంది. ఈ ఒక్క అంతరం విషయంలో మన వంతు 95లో పడిందో 5లో పడిందో చెప్పే వీలు లేదు.

2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో ఈ లెక్కకు డబ్బు ముడిపడి ఉంది. గత 7 ఏళ్లలో మెరుగైన 5 ఏళ్ల సగటు దిగుబడిని తీసుకొని, నిర్ణయించిన శాతంతో హెచ్చించి ఒక ప్రమాణ దిగుబడిని కడతారు. ఈ ఏటి దిగుబడి దానికంటే ఎంత శాతం తగ్గితే బీమా మొత్తంలో అంత శాతం చెల్లిస్తారు. మన ఉదాహరణలో ప్రమాణం 14 కిలోలకు సమానమనుకుంటే, 13 వచ్చింది గనుక తగ్గుదల 7.1 శాతం. ఒక ఊహను నమూనాతో సరిచూసే పరికల్పన పరీక్ష ఇక్కడ అడిగే ప్రశ్న వేరు: ఊరిలో అసలు దిగుబడి 14 కిలోలే అయి ఉండి, కేవలం మడుల ఎంపికలోని అదృష్టం వల్ల 13గానీ అంతకంటే తక్కువగానీ రావడం ఎంత మామూలు? 13కీ 14కీ ఉన్న తేడాను 0.91తో భాగిస్తే 1.1 వస్తుంది, గాసెట్ పట్టిక ప్రకారం అలాంటిది నూటికి 18 సార్లు జరుగుతుంది. దీనినే పీ విలువ అంటారు, ఇక్కడ అది 0.18. వాడుకలో ఉన్న 0.05 గీత కంటే ఇది పెద్దది గనుక, అసలు దిగుబడి 14 అన్న శూన్య పరికల్పనను తోసిపుచ్చడానికి ఈ నాలుగు మడుల సాక్ష్యం చాలదు. దిగుబడి తగ్గలేదని రుజువైందని దీనికి అర్థం తీయకూడదు. శూన్య పరికల్పన నిజమయ్యే అవకాశం 18 శాతం అనడం అంతకంటే పెద్ద తప్పు. సాక్ష్యం చాలకపోవడానికీ, లేదని తేలడానికీ మధ్య తేడాను న్యాయస్థానాలలో మనందరం ఒప్పుకుంటాం, లెక్కల్లోకి వచ్చేసరికి మరచిపోతాం.

బీమా నిబంధన ఈ పరీక్ష చేయదు. వచ్చిన సగటును నేరుగా తీసుకుంటుంది. చెల్లింపుకు ఒక అంకె కావాలి గనుక దానిని నేను తప్పుపట్టను. నాకు బాధ కలిగించేది మరొకటి. పరిహారం ఊరిని ఒక యూనిట్‌గా తీసుకొని లెక్కిస్తారు గనుక, సగటును ఎంత కచ్చితంగా కట్టినా, కాలువ గట్టున పండిన పంట శివారులో ఎండిన పంటను కప్పేస్తుంది. పైన చెప్పిన రెండో ఊరిలో 5 బస్తాలు పండిన రైతుకు 20 బస్తాల సగటు వల్ల ఒరిగేదేమీ లేదు. శివారు భూములను వేరే స్తరంగా విడదీసి, అందులో విడిగా నమూనాలు తీసి, రెండింటికీ వాటి విస్తీర్ణాన్ని బట్టి బరువు ఇస్తే, మొత్తం అంచనా దోషమూ తగ్గుతుంది, శివారు పరిస్థితి విడిగానూ కనిపిస్తుంది. స్తరీకృత నమూనా అనే ఈ పద్ధతి పాఠ్యపుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉంది. కనీసం ప్రకటనలో సగటుతో పాటు నాలుగు తూకాలనూ విడివిడిగా రాసినా, ఊళ్లో డిగ్రీ చదివిన పిల్లలెవరైనా ఐదు నిమిషాల్లో దోషం కట్టుకోగలరు.

అంచనాలో దోషాన్ని ఎంతవరకు తగ్గించవచ్చన్న ప్రశ్నకు గణితపరమైన హద్దును చూపిన వారిలో ఒకరు మన తెలుగువాడే కావడం నాకు ఎప్పుడూ సంతోషం కలిగిస్తుంది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి కలకత్తా వెళ్లిన సి.ఆర్. రావు 1945లో, పాతికేళ్ల వయసులో, అభినతి లేని అంచనా ఏదైనా దాని విస్తృతి, అంటే ప్రామాణిక విచలనం వర్గం, ఒక హద్దుకంటే దిగువకు పోదని చూపించారు. స్వీడన్‌కు చెందిన క్రామర్ కూడా విడిగా అదే ఫలితాన్ని చేరడంతో దానిని క్రామర్-రావు అసమానత అంటున్నారు. 2023లో ఆయనకు అంతర్జాతీయ సాంఖ్యక పురస్కారం లభించింది, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

నమూనా ఎలా తీశారన్న ప్రశ్న పంటకంటే ఎక్కువ బరువుతో నిలబడే చోటు మన ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల వ్యాధి ఎందుకు ఇంతగా ఉందో ఇంకా తేలలేదు. నీటిలోని సిలికా, భార లోహాలు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఎండలో చెమటోడ్చే పని అన్నీ అనుమానితుల జాబితాలో ఉన్నాయి. ఆసుపత్రికి వచ్చినవారినే లెక్కిస్తే వ్యాధి ముదిరినవారూ, ప్రయాణ ఖర్చు పెట్టుకోగలిగినవారూ మాత్రమే నమూనాలో పడతారు. ఇళ్లను యాదృచ్ఛికంగా ఎంచి, లక్షణాలు లేనివారికి కూడా రక్తపరీక్ష చేస్తేనే గ్రామంలో నూటికి ఎందరికి ఉందో తెలుస్తుంది. ఒక మూలకం ఎక్కువగా ఉన్న నీరు తాగే ఊళ్లలో వ్యాధి ఎక్కువగా కనిపిస్తే వాటి మధ్య సహసంబంధం ఉన్నట్టే, కానీ ఆ ఊళ్లలోనే ఎక్కువమంది జీడి, కొబ్బరి తోటల్లో ఎండలో పనిచేస్తూ ఉంటే, అసలు కారణం నీరో పనో ఆ ఒక్క అంకె విడదీయలేదు. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీరు ఇచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. దాని ఫలితాన్ని రేపు కొలవాలంటే, నీరు అందిన ఊళ్లలో కొత్తగా వ్యాధి సోకేవారి రేటును, వయసూ వృత్తీ దాదాపు ఒకేలా ఉండి నీరు ఆలస్యంగా అందిన ఊళ్లతో పోల్చాలి. ఇది ఏళ్ల తరబడి లోలోపల ముదిరే వ్యాధి గనుక, ఇప్పటికే జబ్బుపడినవారి సంఖ్య మొదటి కొన్నేళ్లలో తగ్గకపోయినా పథకం విఫలమైందని తీర్పు చెప్పకూడదు. చూడవలసింది కొత్త కేసులను, ముఖ్యంగా చిన్న వయసువారిలో.